వృద్ధుల బుద్ధికి తగిన కొలమానము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



“అరువది యేండ్లకు అరులుమరులు” అను సామెత వినని తెలుగువారుండరు. ముసలివాడొక పేరు మరచినను, తాళపుచెవి ఎక్కడనో పెట్టి వెదకుకొన్నను, ఇంటివారీ మాటయే అని నవ్వి ఊరకుందురు. ఈ సామెతయందు రెండు పొరపాట్లు దాగియున్నవి. అరువది దాటిన ప్రతివానికిని మతి తప్పునని తలచుట మొదటిది. మతి నిజముగా తప్పుచున్నప్పుడు అది వయోధర్మమని వదలివేయుట రెండవది. మొదటిది ఆరోగ్యవంతుని అవమానించును. రెండవది రోగిని చికిత్సకు దూరము చేయును. ఈ రెండింటినడుమ గీత గీయుటకు సామెత చాలదు, కొలత వలయును. ఆ కొలత ఎట్టిది, దానినెవరిని చూచి తయారుచేసిరి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల వృద్ధులకు అది ఎంతవరకు సరిపడును అనునదియే ఈ ప్రసంగ విషయము.

వైద్యులు డిమెన్షియా యని పిలుచు వ్యాధికి తెలుగున చిత్తవైకల్యమను పేరు వాడుకలోనికి వచ్చినది. ఇది వట్టి మతిమరుపు కాదు. జ్ఞాపకము, మాట, లెక్క, దారి గుర్తు, మంచిచెడ్డల నిర్ణయము – ఈ శక్తులలో కొన్ని క్రమక్రమముగా క్షీణించి, మనిషి తన నిత్యకృత్యములను తాను నడుపుకొనలేని స్థితికి వచ్చుట దీని లక్షణము. జ్వరమును కొలుచుటకు గాజుగొట్టమున్నది, రక్తపుపోటును కొలుచుటకు పట్టీయున్నది. బుద్ధిని కొలుచుటకు ఊరి వైద్యశాలలో ప్రశ్నలు తప్ప వేరు సాధనము లేదు.

అట్టి ప్రశ్నావళులలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1975లో అమెరికా దేశమున ఫోల్‌స్టీన్ దంపతులును, మెక్‌హ్యూ అను వైద్యుడును ప్రకటించిన మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. దీనికి మొత్తము 30 మార్కులు. నేడే తేది, ఏ వారము, ఏ నెల, ఏ ఋతువు, ఏ సంవత్సరము, ఇది ఏ ఊరు, ఏ జిల్లా, ఏ రాష్ట్రము మొదలగు కాలస్థలముల ప్రశ్నలకు 10. మూడు మాటలు విని వెంటనే చెప్పుటకు 3. నూటినుండి ఏడేసి తీసివేయుటకు 5. ముందు విన్న మూడు మాటలను కొంతసేపటికి మరల చెప్పుటకు 3. వస్తువుల పేర్లు, వాక్యము తిరిగి పలుకుట, చెప్పిన మూడు పనులు వరుసగా చేయుట మున్నగువానికి 6. చదువుట, వ్రాయుట, బొమ్మ చూచి గీయుట అను మూడింటికి 3. పది నిమిషములలో ముగియును. 24కు తక్కువ వచ్చినచో సందేహింపవలయునను హద్దు చాలకాలము వాడుకలోనుండెను.

ఇది రోగనిర్ణయము చేయు పరీక్ష కాదని మొదటనే తెలిసికొనవలయును. ఇది జల్లెడ వంటిది. జల్లెడలో మిగిలినదంతయు రాయి కాదు. క్రిందికి జారినదంతయు గింజ కాదు. అనుమానము కలిగినవారిని వేరుచేసి సమగ్ర పరీక్షకు పంపుట మాత్రమే దాని పని. అయినను జల్లెడ కన్నులు ఏ ధాన్యమునకు తగినట్లు చేయబడినవో చూడక అన్ని ధాన్యములను అందులోనే పోసినచో కలుగు నష్టము సామాన్యము కాదు.

ఒక చిన్న లెక్క వేసి చూడుడు. పై ముప్పది మార్కులలో చదువుట, వ్రాయుట, గీయుట అనువానికి 3, నూటినుండి ఏడేసి తీసివేయుటకు 5, వెరసి 8 మార్కులు పలక పట్టిన చేతికే సులభములు. బడి మెట్టు ఎక్కని మనిషి ఈ ఎనిమిదింటిని పోగొట్టుకొనెననుకొందము. తక్కిన ప్రశ్నలన్నింటికిని తడబాటు లేక బదులు చెప్పినను అతనికి వచ్చునవి 22. హద్దు 24. అనగా అతడు జబ్బు పడుటవలన కాక, బడికి పోకపోవుటవలననే రోగుల పట్టికలోనికి చేరుచున్నాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1993లో అమెరికా దేశపు వైద్యపత్రిక యొకటి ఆ దేశమున ఐదు స్థలములయందలి 18,056 మంది వయోజనుల మార్కులను వయసు వారీగాను, చదువు వారీగాను విడదీసి ప్రకటించెను. తొమ్మిదేండ్లు గాని అంతకు మించి గాని చదివినవారి నడిమి మార్కు 29. ఐదునుండి ఎనిమిదేండ్లు చదివినవారిది 26. నాలుగేండ్లకు మించి చదువనివారిది 22. వయసునుబట్టి చూచినను ఇట్లే. ఇరువది యేండ్లవారిలో 29గా నున్న నడిమి మార్కు ఎనుబది దాటినవారిలో 25కు దిగినది. నాలుగేండ్లలోపు చదువుగలవారిలో సగముమంది 22కు మించలేదన్నచో, 24 అను ఒకే గీతతో అందరిని కొలుచుట ఎంతటి అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్లు జనసామాన్యమునుండి మార్కులు సేకరించి, ఏ వయసున, ఏ చదువున ఎంత వచ్చుట సహజమో నిర్ణయించిన పట్టికనే సామాన్య ప్రమాణమందురు.

ఆ ప్రమాణము ఈ మూడు జిల్లాలకు ఏల ముఖ్యమో జనగణనయే చెప్పుచున్నది. 2011 లెక్కల ప్రకారము ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాయందు ఏడేండ్లు పైబడినవారిలో అక్షరాస్యులు నూటికి 55 మంది. నేటి జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన భాగమున సగముకూడ లేరు. ఇందు పిల్లలును, యువకులును చేరియున్నారు. వృద్ధులను, అందును స్త్రీలను మాత్రమే తీసికొన్నచో ఈ సంఖ్య ఇంకను దిగును. కావున చదువుకొన్నవారిని చూచి చేసిన కొలత ఇచ్చటి వృద్ధులలో పెక్కుమందికి కొలతయే కాదు.

ఇద్దరు వృద్ధులను ఊహింపుడు. ఒకరు డెబ్బది రెండేండ్ల అవ్వ. అక్షరము రాదు. అయినను ఎనిమిదెకరముల సేద్యము నడిపినది. ఎవరెవరికి ఎంత విత్తనము బదులిచ్చినదో, ఏ బిడ్డ పెండ్లికి ఎంత ఖర్చయినదో నోటిలెక్కగా చెప్పగలదు. రెండవవారు డెబ్బది రెండేండ్ల విశ్రాంత ఉపాధ్యాయులు. మునుపు నూరు పద్యములు కంఠస్థముగ చెప్పెడివారు ఇప్పుడు నిన్న వచ్చిన బంధువును మరచుచున్నారు. నడచిన దారినే తప్పుచున్నారు. పరీక్షలో అవ్వకు 21, ఉపాధ్యాయునకు 26 వచ్చెననుకొందము. ఒకే గీతతో కొలిచినచో అవ్వ రోగి, ఉపాధ్యాయుడు ఆరోగ్యవంతుడు. వారివారి ఈడు, చదువు గల వారితో పోల్చినచో అవ్వ తన వరుసలో నడుమనున్నది. ఉపాధ్యాయుడు తన వరుసలో చివరకు జారియున్నాడు. మొదటి తీర్పువలన ఒక ఇంట అనవసరపు దుఃఖము, మరియొక ఇంట పోగొట్టుకొన్న కాలము మిగులును.

దుఃఖముతోనే ఇది ముగియదు. మతి తప్పినదన్న మాట ఒకసారి ఊరిలో పుట్టినచో భూమి పంపకములలో ఆ వృద్ధురాలి మాటకు విలువ తగ్గును. ఆమె వ్రేలిముద్రపై వ్యాజ్యములు లేచును. చట్టము మాత్రమిట్టి తొందరపాటును కోరలేదు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము పన్నెండవ ప్రకరణము ప్రకారము, ఒప్పందము చేయువేళ మనిషి దానిని గ్రహింపగలిగి, తన మేలుకీడులపై దాని ఫలితమును వివేకముతో తర్కింపగలిగినచో అతడు స్వస్థచిత్తుడే. ముప్పదికి ఇన్ని మార్కులు రావలెనని అందులో లేదు. అయినను కాగితముపై అంకె కనబడగానే దానిని ప్రశ్నించు ధైర్యము ఇంటివారికుండదు. కావుననే ఆ అంకె న్యాయమైనదిగా నుండవలయును.

ఇక ప్రశ్నల స్వరూపమును చూతము. “ఇది ఏ జిల్లా?” అను ప్రశ్న పట్టణవాసికి అతి సులభము. గద్వాల, ఆలంపురము సీమలలో పుట్టిన ఎనుబదియేండ్ల వృద్ధుని అడిగి చూడుడు. ఆయన పుట్టిననాడు ఆ సీమ హైదరాబాదు రాజ్యమున రాయచూరు జిల్లాలోనిది. 1956లో భాషారాష్ట్రముల ఏర్పాటుతో అది మహబూబ్‌నగర్ జిల్లాలో చేరినది. రాష్ట్రము పేరు ఆంధ్రప్రదేశ్ అయినది. 2014 జూన్ 2న తెలంగాణమైనది. 2016 అక్టోబరు 11న వనపర్తి, నాగర్‌కర్నూలుతోపాటు జోగులాంబ గద్వాల వేరు జిల్లాగా నేర్పడినది. ఊరు కదలలేదు, మనిషి కదలలేదు. మూడు జిల్లాలు, మూడు రాష్ట్రములు ఆ ఇంటిమీదుగ నడచిపోయినవి. ఆ పెద్ద “పాలమూరు జిల్లా” యన్నచో అది బుద్ధిలోపమా, లేక అరువదియేండ్ల అలవాటా? ఈ సంగతి తెలియక ప్రశ్నించువాడు మార్కు కోసివేయును.

తేది ప్రశ్నయు నట్టిదే. ఇంగ్లీషు తేదితో పనిలేక బ్రతికిన రైతు నేడు శుద్ధమో బహుళమో, ఏ కార్తె నడచుచున్నదో, అమావాస్య ఎన్నినాళ్లకున్నదో చెప్పును. మృగశిర దాటి ఆరుద్ర వచ్చినదని తెలిసినవానికి కాలజ్ఞానము లేదనుట ఎట్లు? ఋతువు అడిగినచో ఎండకాలము, వానకాలము, చలికాలము అని మూడే చెప్పును. పుస్తకములోని ఆరింటిని చెప్పడు. ఆ మూడును సరియైన జవాబులేనని పరీక్షకుని చేతిపుస్తకములో ముందుగా వ్రాసియుండవలయును.

నూటినుండి ఏడు తీసివేయుమన్న బిత్తరపోవు కూరగాయల అమ్మి, నూరు రూపాయల నోటు ఇచ్చి ముప్పదియేడు రూపాయల సరకు కొన్నచో చిల్లర తప్పు లేకుండ ఇచ్చును. గద్వాల చీరకు నూలు ఒడలును పట్టు అంచును కుప్పడము పద్ధతిలో కలుపు నేతగాడు వందల పోగుల లెక్కను మనస్సునందుంచుకొనును. పెన్సిలు ఇచ్చి రెండు ఐదుమూలల బొమ్మలు గీయుమన్నచో చేయి వణకును. చేయి పెన్సిలు నెరుగదు గాని కన్ను ఆకృతి నెరుగును.

భాషవలన కలుగు చిక్కులు మరికొన్ని. ఇంగ్లీషు పరీక్షలో లెక్కకు బదులు ఒక మాటను వెనుకనుండి అక్షరక్రమమున చెప్పుమందురు. తెలుగులిపిలో హల్లును అచ్చును కలిసి ఒక గుణింతపు అక్షరమగును. ఒత్తుతో మరియొకటి చేరును. “ప్ర” అనునది ఒకటియా, రెండా? ఒక నిమిషములో ఫలానా అక్షరముతో మొదలగు మాటలను చెప్పుమను పరీక్షలో “క”తోపాటు “కా, కి, క్ర” లెక్కకు వచ్చునా, రావా? చదువురానివారికి అక్షరమనునదే లేనప్పుడు ఆ పరీక్షయే పెట్టరాదు; జంతువుల పేర్లు చెప్పుమనుట మేలు. దానిలోకూడ గొల్లవానికిని, బజారు వ్యాపారికిని భేదముండును.

కృష్ణాతుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో తెలుగుతో కన్నడము కలియును. పట్టణములలో ఉర్దూ, తండాలలో లంబాడీ భాష వినబడును. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమల అడవులలో చెంచులున్నారు. ఇల్లాలికి తెలిసిన మాట “దవాఖాన”. ప్రశ్నపత్రములోని మాట “ఆసుపత్రి”. మాట తెలియకపోవుట వేరు, మాట జారిపోవుట వేరు. ఈ రెంటిని వేరుచేయగలవాడే సరియైన పరీక్షకుడు.

గ్రామీణులకీ సూత్రము కొత్తది కాదు. పూర్వము పంటల అంచనాలో అణావారీ లెక్కయుండెడిది. ఆ నేలకు సహజమైన పంటను ప్రమాణముగ పెట్టుకొని, ఆ యేడు ఎన్నియణాల పంట పండినదో నిర్ణయించెడివారు. చెల్కలో పండిన జొన్నను రేగడిలో పండిన జొన్నతో పోల్చి చెల్కరైతు సోమరియని ఎవరును వ్రాయలేదు. చెల్కకు చెల్కయే, రేగడికి రేగడియే ప్రమాణము. పైరు చెడినదా లేదా యని తెలియుటకు ముందు, ఆ నేలలో చెడని పైరు ఎంత పండునో తెలియవలయును. వృద్ధుల బుద్ధి పరీక్షలకు కావలసినదియు సరిగా ఇదియే.

ఈ దిశగా భారతదేశమున జరిగిన కృషి గణనీయమైనది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామప్రాంతమున భారత, అమెరికా పరిశోధకులు కలిసి ఆ ముప్పది మార్కుల పరీక్షను చదువురాని జనులకు తగినట్లు హిందీలోనికి మార్చి 1995లో ప్రకటించిరి. నూటినుండి ఏడేసి తీసివేయుటకు బదులు ఇరువదినుండి మూడేసి తీసివేయుట. వాక్యము వ్రాయుటకు బదులు తన ఇంటిని గూర్చి ఒక మాట చెప్పుట. వ్రాసినది చదివి కన్నులు మూయుటకు బదులు పరీక్షకుడు చేసినట్లు తానును చేయుట – ఇట్టివి ఆ మార్పులు. మాటలను మాత్రము భాషాంతరీకరింపక, ప్రతి ప్రశ్న ఏ శక్తిని కొలుచుచున్నదో విచారించి, ఆ శక్తిని కొలుచు వేరొక ప్రశ్నను వెదకిరి. అనువాదమునకును అనుసరణమునకును గల భేదమిదియే.

1998లో “టెన్ సిక్స్‌టీ సిక్స్” అను పేరున ఒక అంతర్జాతీయ పరిశోధక బృందమేర్పడినది. ప్రపంచమునందలి చిత్తవైకల్య రోగులలో నూటికి అరువదియారుమంది వెనుకబడిన దేశములలో నుండగా, జనులపై జరుగు పరిశోధనలో పదింట ఒకవంతుకూడ వారిని గూర్చి జరుగుట లేదని ఆ పేరున కర్థము. చెన్నై, వెల్లూరు ప్రాంతములలో వారు ఇంటింటికి పోయి విచారించిరి. 2008లో వెలువడిన వారి ఫలితములు ఆలోచింపదగినవి. అమెరికా మనోవైద్యుల నిర్వచనముతో కొలువగా భారత గ్రామమున ఈ వ్యాధి వేయింటికి ముగ్గురికి మాత్రమే కనబడినది; ఆ బృందము తన పద్ధతితో కొలువగా అంతకు ఎన్నో రెట్లు కనబడినది. ఊరదే, జనులు వారే, కొలమానము మారినది.

తెలుగుదేశమున హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, ఈ విషయమున ముఖ్యస్థానమును వహించినది. అచ్చట డాక్టరు సువర్ణ అల్లాడి మున్నగువారు 648 మంది చిత్తవైకల్య రోగుల వివరములు పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించిరి. ఒకే భాష తెలిసినవారికంటె రెండుగాని అంతకెక్కువగాని భాషలు తెలిసినవారికి వ్యాధి సగటున నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా పొడసూపినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడుటచే ఇది బడిచదువు ఫలము మాత్రమే కాదని తేలినది. వలసపోయి పలుదేశముల ఆనకట్టలు కట్టి, హిందీ, మరాఠీ, కన్నడములను చెవులతోనే నేర్చిన పాలమూరు కూలీలను తలచినచో ఈ ఫలితము విలువ తెలియును. వ్రాత రాకున్నను బుద్ధికి వ్యాయామము కలదు. కాగితపు పరీక్ష దానిని చూడదు.

తరువాత భారత వైద్యపరిశోధనా మండలి హిందీ, వంగ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలకు సమానముగ వర్తించు బుద్ధిపరీక్షల సమూహమును సిద్ధము చేయించినది. ఆడెన్‌బ్రూక్స్ అను నూరు మార్కుల పరీక్షను తెలుగు, ఉర్దూలతోకూడ ఏడు భాషలలో పరీక్షించిరి. 2017 మొదలు 2020 వరకు జరిగిన లాసీ-డ్యాడ్ అను సర్వేక్షణ అన్నింటికంటె విస్తృతమైనది. అందు పలు రాష్ట్రములలో అరువది దాటిన నాలుగువేల పైచిలుకు వృద్ధులను పరీక్షించిరి. తెలంగాణము వానిలో నొకటి. 2023లో ప్రకటింపబడిన దాని అంచనా ప్రకారము అరువది దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా దేశమున సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి కలదు. పురుషులలో కంటె స్త్రీలలోను, పట్టణములలో కంటె గ్రామములలోను ఇది ఎక్కువ. ఆ లెక్కనే తిప్పి చదివినచో నూటికి తొంబదిరెండుగురికి పైగా ఆ జబ్బు లేనివారేయని గ్రహింపవలయును. సామెత ఎంత తప్పో దీనివలన తెలియుచున్నది.

సామాన్య ప్రమాణమును తయారుచేయు విధమును గూర్చి కొంత చెప్పవలయును. దవాఖానకు వచ్చినవారిని మాత్రము తీసికొన్నచో రోగులే ఎక్కువగుదురు. గ్రంథాలయమునకు వచ్చినవారిని తీసికొన్నచో చదువరులే ఎక్కువగుదురు. కావున ఊరిలోని ఇండ్ల జాబితానుండి చీట్లు తీసినట్లు ఎంచి, ఇంటికే పోవలయును. పక్షవాతము, మూర్ఛ, తీవ్రమైన దిగులు, ఇదివరకే గుర్తింపబడిన మతిభ్రంశము గలవారిని వేరుచేయవలయును. తక్కినవారిని అరువదులవారు, డెబ్బదులవారు, ఎనుబది దాటినవారు అనియు, చదువులేనివారు, ప్రాథమిక పాఠశాల చదివినవారు, అంతకు మించినవారు అనియు, స్త్రీపురుషులనియు గదులుగా విభజింపవలయును. ప్రతి గదిలోను తగినంతమంది యుండవలయును. ఎనుబది దాటి చదువుకొన్న స్త్రీలు ఐదుగురే దొరకినచో ఆ గదికి ప్రమాణము ఏర్పడదు.

ఒక గదిలో నూరుమంది ఆరోగ్యవంతులను మార్కుల వరుసలో నిలిపితిమనుకొనుడు. నడుమనున్నవాని మార్కు ఆ గదికి నడిమి మార్కు. చివరి ఐదుగురికి పైనున్నవాని మార్కునొద్ద గీత గీసినచో, ఆ గీతకు దిగువ వచ్చిన మనిషి తనవంటివారిలో అరుదైన స్థానమున నున్నాడని చెప్పవచ్చును. ఆరోగ్యవంతులలోనే ఐదుగురు ఆ గీత క్రింద నుందురన్న సంగతిని మరువరాదు. అందుచే గీత క్రింద పడుట అనుమానమునకు కారణమే గాని తీర్పు కాదు.

వయసు నిర్ణయించుటయు తేలిక కాదు. పుట్టినతేది కాగితములు లేని తరమువారు అరువది, డెబ్బది యని గుండు అంకెలే చెప్పుదురు; గుర్తింపు కార్డులలోను అవియే ఎక్కినవి. 1948 సెప్టెంబరు నాటి పోలీసుచర్యకు తాను పాలుద్రాగు బిడ్డయా, పశువులు కాచు ఈడువాడా యని అడిగి తేల్చుకొనవలయును. అరువదితొమ్మిదేండ్లవానిని డెబ్బది గదిలో కూర్చుండబెట్టిన పట్టికయంతయు వంకర పోవును. వినికిడి, చూపు సంగతి అంతకంటె ముఖ్యము. ప్రశ్న వినబడనివాడు జవాబు మరచినవానివలె కనబడును. కళ్లద్దములు పెట్టుకొన్న పిదపనే, చెవికి వినబడునట్లు చెప్పిన పిదపనే పరీక్ష సాగవలయును.

ఇచట పెద్ద ఆక్షేపణ యొకటి కలదు. చదువులేనివారికి గీతను దించినచో వారిలోని నిజమైన రోగులు ఆ గీతపైనే నిలిచి గుర్తింపబడకపోవుదురు గదా! చిన్ననాట చదువు లేకపోవుటయే ఈ వ్యాధికి దారితీయు కారణములలో నొకటియని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘము చెప్పినది. అది పేర్కొన్న పదునాలుగు కారణములలో వినికిడిలోపము, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, ఒంటరితనము మొదలగునవియు నున్నవి. చదువును లెక్కలోనికి తీసికొని మార్కును సవరించినచో, ఆ చదువులేమివలన కలిగిన నష్టమును గూడ సవరించి కప్పిపుచ్చినట్లగును కాదా?

ఈ ఆక్షేపణలో బలమున్నది. దానికి జవాబు గీతను మరల పైకెత్తుట కాదు, గీతయొక్కదానినే నమ్మకుండుట. మనిషిని తనవంటివారితో పోల్చుట ఒక కన్ను; తన నిన్నటితో పోల్చుట రెండవ కన్ను. ఆ నిన్నటిని ఎరిగినవారు ఇంటివారు. అవ్వ మునుపు వండినట్లే వండుచున్నదా? పైకము లెక్క చూచుకొనుచున్నదా? పొలమునకు పోయి తిరిగి వచ్చుచున్నదా? చెప్పినదే మరల మరల చెప్పుచున్నదా? ఈ మార్పు ఎప్పటినుండి? ఇట్టి ప్రశ్నలకు బడిచదువుతో పని లేదు. టెన్ సిక్స్‌టీ సిక్స్ బృందము వృద్ధుని పరీక్షించుటతోపాటు ఇంటివారిని విడిగా ప్రశ్నించు పద్ధతిని అనుసరించుటకు కారణమిదియే.

అయినను ఇంటివారి మాటయు పూర్తిగా నిర్దుష్టము కాదు. పెద్దలను కూర్చుండబెట్టి పోషించుట గౌరవమని తలచు ఇండ్లలో కోడలు వండును, కొడుకు లెక్కచూచును, మనుమడు దవాఖానకు తీసికొనిపోవును. పెద్దాయనకు పనియే లేనప్పుడు పని చేయలేకపోవుట ఎట్లు బయటపడును? “ఏమియు లోటు లేదు” అని ఇంటివారు మనస్ఫూర్తిగానే చెప్పుదురు. భారత గ్రామములలో వ్యాధి తక్కువగా కనబడుటకు ఇది యొక కారణమని పరిశోధకులు భావించిరి. కావున గౌరవించుచునే గమనింపవలయును. చిన్న చిన్న పనులను పెద్దలచేతులలో ఉంచుట వారికి మేలు; మార్పును పసిగట్టుటకును అదియే సాధనము.

ఇంత శ్రమ దేనికి, ఎట్లును మందులేని జబ్బే కదా యని నిరుత్సాహపడువారు కలరు. మతి మందగించినట్లు కనబడు వారందరికిని మందులేని జబ్బే యుండదు. థైరాయిడు లోపము, బి పన్నెండు విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల దుష్ఫలితములు గూడ మతిని మందగింపజేయును. ఇవి చికిత్సకు లొంగును. రెండుమూడు నాళ్లలోనే మతి కలతపడినచో అది జ్వరమో, మరియొక అంటువ్యాధియో కావచ్చును. వెంటనే వైద్యుని యొద్దకు పోవలయును. నిజముగా చిత్తవైకల్యమే యైనను ముందుగ తెలిసినచో ఆ మనిషి తన ఆస్తిని, తన కోరికలను తానే చక్కబెట్టుకొనును. ఇంటివారును కోపగించుటకు మారుగా ఓర్పు నేర్చుకొందురు.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూలునందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. ఈ మూడింటి చుట్టును పరీక్షింపవలసిన జనమున్నది, పరీక్షింప నేర్వవలసిన విద్యార్థులున్నారు. ఒక్కొక్క మండలమున వృద్ధులను ఎంచి, వారి భాషలో, వారి మాటలతో, వారి చదువును ఈడును వ్రాసికొని ఈ సీమకు ప్రమాణము సిద్ధముచేయుట అసాధ్యము కాదు. అట్టివారు ఊరికి వచ్చిననాడు గంటసేపు కూర్చుండి జవాబులు చెప్పు వృద్ధుడు తనకు జబ్బు లేదని నిరూపించుకొనుటకు కాదు, తనవంటి వేలమందికి న్యాయమైన గీత గీయించుటకు కూర్చుండుచున్నాడని ఊరివారు తెలిసికొనవలయును. ఆరోగ్యవంతులు పాల్గొననిదే ఆరోగ్య ప్రమాణము పుట్టదు.

ఇందు గ్రంథాలయములకును పాత్ర కలదు. ఇచ్చటి వరండాలో పత్రిక చదివి వినిపించువేళ పది యూళ్ల సంగతులు వినుటకు వచ్చు చదువురాని పెద్దలు ఊరి పరిశోధనకు తలుపుల వంటివారు. వారికి విషయము చెప్పి భయము పోగొట్టవచ్చును. పరీక్షకునకు ఇచ్చటి పలుకుబడిని, మాటల పట్టికను సమకూర్చి ఇయ్యవచ్చును. దవాఖానకు పోవు ఇంటివారికి “మా పెద్దమ్మ బడికి పోలేదు, చెవి తక్కువ, ఇంట మాటలాడునది కన్నడము, ఈ సంగతి వ్రాసికొనుడు” అని చెప్పవలయునని నేర్పవచ్చును. ఆ ఒక్క వాక్యము వైద్యుని తీర్పును సరిదిద్దగలదు.

తెలంగాణమున కవులు శూన్యమన్న మాట యొకప్పుడు పుట్టినది. గద్వాల సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి వాదముతో మాత్రమే బదులు చెప్పక, ఊరూర విచారించి 354 మంది కవుల రచనలను, వివరములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. కవులు లేకపోలేదు, లెక్కించినవారు లేకుండిరి. ఈ సీమ వృద్ధుల బుద్ధి విషయమును అట్టిదే. తక్కువయని ఎక్కడనో గీసిన గీత చెప్పుచున్నది. ఎంతయో ఇంకను ఇచ్చట ఎవరును ఊరూర తిరిగి లెక్కింపవలసియున్నది. ఆ లెక్కకు వచ్చువారికి ఈ గ్రంథాలయపు తలుపులు తెరచియుండుగాక. ఇరువదియైదేండ్లుగా అక్షరము రానివారికి అక్షరమును వినిపించిన ఈ సంస్థ, అక్షరము రానివారి తెలివికిని సాక్షిగా నిలుచుగాక.

స్వస్తి.